పిల్లికి శభాష్ చెప్పిన ఫోను

అనగనగా ఒక ఊళ్ళో వీణ ఉంది, నేర్పేవాళ్ళు లేరు. దుప్పటి కప్పుకో చిన్నీ, చెబుతాను.

ఆ ఊళ్ళో లహరి అని నీ అంత పిల్ల. నీ అంత అల్లరిది కాదులే, అంత అల్లరి లోకంలో ఒక్కరికే ఇస్తారు. లహరికి ఒకటే కోరిక. తమ్ముణ్ణి ఉయ్యాల్లో వేసే రోజున జోలపాట వాయించాలి. అప్పుడు వాళ్ళ నాన్న ఫోన్లో ఒక యాప్ వేసి, "ఇదేనే నీ గురువు" అన్నాడు. కళ్ళు లేవు, చెవులున్నాయో లేదో తెలీదు, గురువట!

లహరి తీగ మీటింది. "శభాష్! ఐదు నక్షత్రాలు!" అని అరిచింది ఫోను. పిల్ల మురిసిపోయింది.

ఆ తర్వాత వంటింట్లో కుక్కరు కూసింది. "శభాష్! ఐదు నక్షత్రాలు!"

ఆ తర్వాత వాళ్ళ నల్లపిల్లి బొగ్గు, తీగల మీంచి నడిచి పోయింది. "శభాష్! చెయ్యి బాగా తిరిగింది!"

నవ్వకు! నాకు ఒళ్ళు మండిపోతోంది. వేళ్ళు మంటపుట్టేలా వాయించిన పిల్లకీ, తోకూపుకుంటూ పోయిన పిల్లికీ ఒకటే మెప్పా? ఎంత అన్యాయం!

లహరికీ మండింది. "ఇక నువ్వే వాయించుకోవే బొగ్గూ" అని వీణ మీద గుడ్డ కప్పేసింది. చూస్తే ఉయ్యాల వేడుక దగ్గర పడుతోంది.

అప్పుడు వాళ్ళమ్మ విజయనగరంలో వీణ నేర్పే కాత్యాయని టీచరుకి వీడియో కాల్ చేసింది. ఆవిడా ఆ ఫోన్లోంచే కనిపించింది. కానీ ఈసారి అవతల మనిషుంది కదా!

లహరి వాయించింది. "ఆగు తల్లీ" అంది టీచరు. "వేలు జార్చేటప్పుడు పెదవి కొరుక్కుంటున్నావేం? ఏదీ, ఎడమ చెయ్యి చూపించు."

వేళ్ళ మీద ఎర్రగా తీగ గాట్లు.

"అయ్యో, నూనె రాసుకోమని ఎవరూ చెప్పలేదూ?"

ఎవరు చెబుతారు, ఆ నక్షత్రాలా? అమ్మ గిన్నెలో కొబ్బరినూనె తెచ్చింది. వేళ్ళకి ఒక్క చుక్క రాయగానే, తీగ మీద వేలు హాయిగా జారింది.

మరి టీచరు మెచ్చుకుందా? అబ్బే! "తొందరపడ్డావు, మళ్ళీ." ఆ తర్వాత, "శ్రుతి తగ్గింది, మళ్ళీ." ఆ తర్వాత, "ఊఁ." అంతే! ఆ ఒక్క 'ఊఁ'కి లహరి ఇల్లంతా గెంతింది.

ఉయ్యాల రోజు వచ్చింది. తమ్ముడు ఒకటే ఏడుపు. లహరి వేళ్ళకి నూనె రాసుకుని జోలపాట అందుకుంది. వాడు ఏడుపాపి, గుప్పిట నోట్లో పెట్టుకుని విన్నాడు. వింటూ వింటూ నిద్రపోయాడు.

అప్పుడు ఫోన్లోంచి టీచరు, పసివాడు ఎక్కడ లేస్తాడోనని గొంతు తగ్గించి, "శభాష్" అంది.

నాన్న ఆ యాప్ తీసేశాడు. మెచ్చుకునేవాళ్ళు లేక బొగ్గు కచేరీలు మానేసింది.

కథేమో కంచి దారి పట్టింది,
మా చిన్ని కంటికి కునుకు పట్టింది.