తారురోడ్డు మీద మెరిసే నీళ్లు

ఒకప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు మీద నీళ్లు మెరిసేవి కావు. అసలప్పుడు రోడ్డే లేదు. సముద్రం నుంచి కొండల దాకా ఒక బండ్లబాట ఉండేది, అంతే.

ఆ బాట వేసింది మనుషులు కాదు, ఎద్దులు. ఉప్పుబండ్లు లాగే ఎద్దులు దాహమేసినప్పుడల్లా పక్కనున్న వాగు వైపు తిరిగేవి. అవి తిరిగిన చోటల్లా బాట కూడా తిరిగింది. అందుకే దానికి అన్ని వంపులు. ప్రతి వంపులోనూ వాగు ఎదురొచ్చి బాటతో కబుర్లు చెప్పేది.

కానీ బాట బాగా అలిసిపోయింది. ఎన్ని బండ్లని మోస్తుంది పాపం! రోజంతా ఇనపచక్రాలు వీపు మీద దొర్లుతుంటే ఎవరికైనా విసుగే.

ముందు బండి తోలే ఓబులేసుకీ విసుగే. సంతకి అందరికంటే ముందు చేరాలని ఆయన ఆరాటం.

"ఏందే బాటా, ఈ మెలికలు? సూటిగా పోరాదా? నీకూ నడక తగ్గుద్ది, నాకూ తగ్గుద్ది," అన్నాడు.

నడక తగ్గుతుందనగానే బాటకు ప్రాణం లేచొచ్చింది. "అట్టాగే పోతా," అంది.

వాగు గాబరాపడింది. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగేది మేలంటారే! నన్నొదిలి పోతే ఎద్దులకి నీళ్లెక్కడియి?"

"నాకు ఓపిక లేదే తల్లీ, పోనీ నన్ను," అంది బాట. మెరక మీదుగా సూటిగా పోయింది.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. ఓబులేసు బండి మెరక మధ్యకి చేరేసరికి ముసలి ఎద్దు మచ్చడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నాలుక బయటికొచ్చింది.

"లెయ్యరా నాయనా, లెయ్యి! సంత పోతే పోయింది, నువ్వు పోతే నేనెట్టా బతికేది!" అని ఓబులేసు ఏడ్చాడు.

"వాగూ! ఒక్కసారి ఇటు రావే!" అని బాట కేకేసింది.

"నేను పల్లానికి పోయేదాన్ని. మెరక ఎట్టా ఎక్కేది?" అని వాగు అక్కడినుంచే ఏడ్చింది.

ఓబులేసు బండినీ ఉప్పునీ అక్కడే వదిలేశాడు. మచ్చడి మెడ కింద భుజం పెట్టి లేపాడు. తోసుకుంటూ, బతిమాలుకుంటూ పాత వంపు దాకా నడిపించాడు. మచ్చడు కడుపునిండా తాగి తేరుకున్నాడు. ఓబులేసు మళ్లీ ఆ మెరక తొక్కలేదు.

బాటకు సిగ్గేసింది. తనూ వాగు దగ్గరికి తిరిగి పోదామనుకుంది. కానీ ఈలోగా వెనకొచ్చినవాళ్లు సూటిదారి రుచి మరిగారు. కంకర పరిచారు. తారు పోశారు. మైలురాళ్లు పాతి, స్టేట్ హైవే అని బోర్డు కూడా పెట్టారు. బండ్లు పోయి బస్సులు, లారీలు వచ్చాయి. వాటికి వాగుతో పనేముంది? రోడ్డయిపోయిన బాట ఇక కదల్లేకపోయింది.

నల్లటి ఒళ్లు సలసలా కాలుతుంటే రోజూ మధ్యాహ్నం వాగుని పిలిచేది. వినీ వినీ వాగుకు కడుపు తరుక్కుపోయింది.

"నేను రాలేనమ్మా. నా మెరుపు పంపిస్తా, చూసుకో. ముట్టుకోబోకు, ముట్టుకుంటే ఇంకిపోద్ది," అంది.

అప్పటినుంచే ఎండ మండే మధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా నీళ్లు మెరుస్తాయి. దగ్గరికి పోతే ముందుకు జరిగిపోతాయి. రోడ్డు మనల్ని మోసం చేస్తోందంటారు. మోసం కాదు. దానికి కూడా ఇంతవరకు ఒక్క చుక్క అందలేదు.