మాచమ్మ పేరులో చివరి ఒత్తు

ఏటికి అవతల అని కొందరంటారు, ఇవతల అని కొందరంటారు. ఎక్కడైతేనేం, ఒక రాజ్యం ఉండేది. దానికి ఉద్దండ భూపతి అని ఒక రాజు.

ఆయన పదహారేళ్లకే అన్ని విద్యలూ నేర్చేశాడట. కత్తి, గద, గుర్రం, వీణ, పద్యం, ఏదీ వదల్లేదు. విద్యకి రెండూ మూడూ చొప్పున యాభై ఆరు బిరుదులు పోగయ్యాయి. రోజూ పొద్దున్నే వందిమాగధుడు అవన్నీ చదివితే గాని కొలువు మొదలయ్యేది కాదు. మొర చెప్పుకోవడానికి వచ్చినవాళ్లకి నిలబడి నిలబడి కాళ్లు పీకేవి. రాజుగారు కూడా ఉత్తరీయం చాటున ఆవలించేవాడు. పాపం, ముప్పై ఏళ్లుగా ఆయనకి కొత్తగా ఏదీ రాలేదు మరి.

రాజుగారి మేడ కిటికీ కింద వడ్లు దంచే సాల ఉంది. అందులో పదిమంది ఆడవాళ్లు పనిచేసేవారు. వాళ్లకి పెద్ద మాచమ్మ. అరవై దాటిన మనిషి, ఊహ తెలిసినప్పటినుంచీ చేతిలో రోకలే. గోడకి అవతల పంతులుగారు రాజుగారి పిల్లలకి అక్షరాలు చెబుతుంటే ఇవతల ఈవిడ చెవి పెట్టి వినేది. చేటలో తవుడు పరిచి వేలితో దిద్దేది. అక్షరం కుదరకపోతే చేట ఒక్కసారి ఊపేది, తవుడు చదునైపోయేది, మళ్లీ దిద్దేది. కుదిరిందా, చప్పట్లు కొట్టి, "వచ్చిందర్రా!" అని అరిచేది. సాలంతా ఘొల్లుమనేది.

ఆ అరుపు కిటికీలోంచి రాజుగారి చెవిన పడింది.

మొదటిరోజు, "ఏమిటి వచ్చింది? ఎవరు వచ్చారు?" అని అడిగి రమ్మని మంత్రిని పంపాడు.

"'ఖ' వచ్చిందట ప్రభూ," అన్నాడు మంత్రి.

"ఖ! నాకు నాలుగో ఏటే వచ్చింది!" అని నవ్వేశాడు. నవ్వాడే గాని, ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

రెండోరోజు 'ఘ' వచ్చింది. మూడోరోజు 'ఙ' వచ్చింది. ఆ 'ఙ'తో ఎవరికేం పనో నాకిప్పటికీ తెలీదు, కానీ ఆవిడ అరుపు మాత్రం రెట్టింపైంది. రాజుగారి కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టయింది. వీణ తీసి వాయించాడు. ఒక్క తప్పు దొర్లలేదు, ఒక్క సంతోషమూ కలగలేదు. పద్యం చెప్పాడు. కవులందరూ 'ఆహా' అన్నారు. ఆ ఆహాలన్నీ కలిపి తూచినా ఆ ముసలమ్మ అరుపుకి సరితూగలేదు.

"నా బియ్యం దంచే మనిషికి నాకంటే కడుపు నిండిందా?" అని పళ్లు నూరాడు. మర్నాటినుంచి కిటికీ దగ్గరే కూర్చునేవాడు. వినకూడదనుకుంటూనే వినేవాడు. అసూయ అంతే, పుండుని గోక్కున్నట్టు ఉంటుంది.

ఒకరోజు ఇక పట్టలేక మాచమ్మని కొలువుకి పిలిపించాడు. సాలలో ఆడవాళ్లు బెదిరిపోయారు.

"రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి జడిస్తే ఎలాగర్రా," అని కొంగు దులుపుకుని మాచమ్మ వెళ్లింది.

"ఏమే, ఈ వయసులో నీకు చదువెందుకు?" అన్నాడు రాజు.

"నా పేరు నేను రాసుకోవాలని ప్రభూ. 'మాచ' వరకూ వచ్చింది. ఆ 'మ్మ' దగ్గర ఒత్తు కుదరడం లేదు. అది కూడా వస్తే చాలు."

ఇంకొక్క ఒత్తు! అది కూడా వస్తే ఇంకెంత అరుస్తుందో! రాజుగారు దిగ్గున లేచాడు.

"చాలించు! నేటినుంచి నువ్వు అక్షరం దిద్దకూడదు. 'వచ్చింది' అని కేక వేయకూడదు. కేక వినబడిందా, ఆ పూటే కోట విడిచి పోవాలి!"

మాచమ్మ ముఖం చిన్నబోయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ కోటలోనే బతికింది, బయట ఆవిడకి ఎవరున్నారు? అప్పుడు మెల్లిగా తలెత్తింది.

"చిత్తం ప్రభూ. ఒక్క మాట. ఆ కేక గురించిన ఆజ్ఞ నా ఒక్కదానికేనా, అందరికీనా? నా ఒక్కదానికే అయితే మా సాలలో ఆ అల్లరి మూక నా చెవి దగ్గర చేరి 'వచ్చింది, వచ్చింది' అని నన్ను ఉడికించి చంపుతుంది."

రాజు మీసం దువ్వాడు. "ఉద్దండ భూపతి ఆజ్ఞ ఒక్కరికోసం ఉండదు. ఈ కోట గోడల లోపల ఊపిరి పీల్చే ప్రతి ఒక్కరికీ! మంత్రీ, రాయి!"

మంత్రి తాటాకు మీద రాశాడు.

సాల మూగబోయింది. రాజుగారు కిటికీ దగ్గర హాయిగా కూర్చున్నాడు. హాయి ఒక్కరోజే. రెండోరోజు తొంగి చూస్తే మాచమ్మ దంచుతూ దంచుతూ తనలో తాను నవ్వుకుంటోంది. మళ్లీ కుంపటి రాజుకుంది.

"ఇంకా ఎందుకే ఆ నవ్వు?" అని పైనుంచే అరిచాడు.

"ఈ వాయిలో ఒక్క గింజ విరగలేదు ప్రభూ. అందుకని."

"అదీ ఒక గొప్పేనా? గదాయుద్ధంలో నాకు మూడు బిరుదులున్నాయి!"

"గద వేరు ప్రభూ, రోకలి వేరు. తమకి రాదులెండి."

తమకి రాదు! ఆ మాట ఆయనతో ఎవరూ అని ఎరగరు. ధడధడా మెట్లు దిగి వచ్చాడు. వెనకాలే మంత్రి, ఆ వెనకాల బిరుదులు చదువుతూ వందిమాగధుడు.

మాచమ్మ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది. "బిరుదులు బయటే ఆగాలి ప్రభూ. ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. మొదటిసారి రోకలి పట్టినవాళ్లని, గుప్పెడు బియ్యం విరక్కుండా తీసేదాకా 'కొత్త' అనే పిలుస్తాం. రాణీగారి మేనకోడలొచ్చినా అంతే."

"పిలుచుకోండి!" అని రాజు రోకలి అందుకున్నాడు. గద ఎత్తినట్టు ఎత్తి ధన్‌మని వేశాడు. సగం వడ్లు నూకలయ్యాయి. మిగతా సగం ఎగిరి మంత్రిగారి గడ్డంలో పడ్డాయి.

"కొత్తోడా, అవి శత్రువులు కావయ్యా, వడ్లు!" అంది మూలనుంచి ఒకావిడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. పోదామనుకున్నాడు. కానీ పక్క రోట్లో మాచమ్మ రోకలి అలవోకగా చేతులు మారుతోంది. ఆ చేతుల మీద ఆయనకి ఎంత కుళ్లు పుట్టిందంటే, కాలు కదల్లేదు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగోనాడు కూడా నూకలే.

"నువ్వు దాన్ని గుద్దుతున్నావు కొత్తోడా," అంది మాచమ్మ, ఆయన మోచెయ్యి కాస్త సర్ది. "ఎత్తడమే నీ పని. పడడం ఎలాగో రోకలికి తెలుసు."

ఐదోనాడు రాజుగారు గుద్దడం మానేశాడు. ఎత్తాడు, వదిలాడు. ఎత్తాడు, వదిలాడు. పక్క రోటి వైపు చూడడం ఎప్పుడు మరిచిపోయాడో ఆయనకే తెలీదు. మాచమ్మ ఆ వాయి చేటలో పోసి చెరిగింది. ఊక ఎగిరిపోయింది. చేటలో బియ్యం మిగిలాయి, పొడుగ్గా, నిండుగా. రాజు గుప్పెడు తీసి వేలితో కెలికాడు. ఒక్కటి విరగలేదు.

"వచ్చిందర్రా!"

కోట గోడలు మారుమోగాయి. సాలలో రోకళ్లన్నీ ఆగిపోయాయి. మంత్రి కళ్లు మూసుకున్నాడు.

మాచమ్మ చేతులు జోడించింది. "అయ్యో, ఎంత పనైంది! ఊపిరి పీల్చే ప్రతి ఒక్కరికీ అని తమరే రాయించారు గదా ప్రభూ. ఈ పూటే కోట విడవాలి మరి. దారిలో తినడానికి అటుకులు కట్టనా?"

రాజు తన చేతిలో బియ్యం చూసుకున్నాడు. అప్పుడు మొదలైంది నవ్వు. బొబ్బల చేతులతో పొట్ట పట్టుకుని, రోలు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఆ తాటాకు తెచ్చి పొయ్యిలో పెట్టండి!" అన్నాడు. "మాచమ్మా, నన్ను గెలిచావు. యాభై ఆరు బిరుదులున్నాయి నాకు. నీకు నచ్చింది తీసుకో."

"నాకెందుకు ప్రభూ బిరుదులు? నా పేరే ఇంకా పూర్తి కాలేదు."

రాజు నవ్వు ఆపాడు. తవుడు చేట దగ్గరికి లాక్కుని, నేల మీద బాసింపట్టు వేసుకుని, ఆవిడ వేలు పట్టుకుని 'మ' కింద ఒత్తు దిద్దించాడు. ఒకటి వంకరపోయింది. చేట ఊపారు. రెండోదీ పోయింది. మళ్లీ ఊపారు. మూడోసారి వేలు వదిలేశాడు. మాచమ్మ తనే దిద్దింది.

మాచమ్మ. తవుడులో, పూర్తిగా.

ఆవిడ మాత్రం కిక్కురుమనలేదు. అలా చూస్తూ ఉండిపోయింది.

"అరవవేమే అవ్వా?" అన్నాడు రాజు.

"ముందు ఆ తాటాకు పూర్తిగా కాలిందో లేదో చూసి రమ్మనండి ప్రభూ," అంది మాచమ్మ, పేరు మీంచి కళ్లు తిప్పకుండా.