లింగవ్వ పోగొట్టిన మీసం

ముందుగా గొర్రెలను కాచే దేవుడు మల్లన్నకు దండం పెట్టుకుందాం. పెట్టారా? వెనక కూర్చున్న పెద్దాయనా, మీరూ పెట్టాలి. ఆ, ఇక వినండి.

అనగా అనగా, ఊళ్లకింకా పేర్లు కుదరని కాలంలో, ఒక ఊళ్లో లింగవ్వ అనే మనిషి ఉండేది. ఆమెకో మొగుడు, సాయిలు. ఇద్దరికీ కలిపి ఒక చిన్న చేను. ఆ చేను అలిసిపోయింది. పార వేస్తే ఠంగుమనేది. జొన్న వేస్తే మోకాలి దాకా లేచి, ఇక నావల్ల కాదని కూలబడేది.

సాయిలు అన్న రాజలింగం గట్టు మీద నిలబడి అన్నాడు: "ఈ ఏడు కూడా పండకపోతే చేను నాకు వదిలెయ్యండి. నా దగ్గర కూలికి రండి. గంజి పోస్తా."

"మీ ఇంటి గంజిలో చందమామ కనబడతాడట గదా బావా!" అంది లింగవ్వ. 

చేనుకు కావలసింది ఎరువు. గొర్రెల మంద రాత్రికో చెక్క చొప్పున చేనంతా పడుకుంటే, పెంటికలు రాలి మన్ను మెత్తబడుతుంది. కానీ మంద కట్టినందుకు గొర్రెల కాపరి బీరయ్యకు జొన్నలు కొలవాలి. లింగవ్వ గాదెలో ఎలుకలు కూడా ఉపవాసం.

ఆ సాయంత్రం బీరయ్య మందను రాజలింగం చేలకు తోలుకుపోతున్నాడు. లింగవ్వ ఎదురెళ్లింది.

"తమ్ముడూ, ఇయ్యాల మా చేన్ల ఆగు. జొన్నలు లేవు. అంబలి పోస్తా, కథ చెప్తా."

బీరయ్యకు కథంటే ప్రాణం. చేను మూలన ఒక చెక్కలో మంద చుట్టూ తడికలు పాతాడు.

"ఒక రాజు. ఆయనకో మీసం. పొద్దున లేచి తడుముకుంటే మీసం లేదు!"

"అయ్యో! ఎవరెత్తుకపోయిండ్రు?"

"నిద్రొస్తంది తమ్ముడూ. రేపు చెప్తా."

మర్నాడు తడికలు పక్క చెక్కకు జరిగాయి. "వెతికితే వెతికితే, మంత్రిగారి మేకకు కొత్తగా మీసం!"

"రాజుగారిదేనా?"

"నిద్రొస్తంది తమ్ముడూ."

మూడోనాడు తడికలు ఇంకాస్త జరిగాయి. "మేకను పట్టి లాగితే, మీసం ఊడి ఎగిరి రాణిగారి..."

"రాణిగారి?"

"నిద్రొస్తంది తమ్ముడూ."

రాజలింగం పరుగున వచ్చాడు. "బీరయ్యా, రెండింతలు జొన్నలు కొలుస్తా. మందను తోలు!"

"ఎట్ల తోలను పటేలా? మీసం గాల్లో ఉంది!"

"కథే కావాలా? నేను చెప్తా. ఒక రాజు. ఉన్నాడు. పోయాడు. తోలు మందను!"

గొర్రెలు కూడా ఆవలించాయి.

ఇంతలో బీరయ్య పెళ్లాం మల్లవ్వ సద్దిమూటతో దిగింది. సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓ మొద్దు మొగుడా! ఆమె చూపు మీసం మీద లేదు, నీ గొర్ల పెంటికల మీదుంది!"

బీరయ్య నోరు తెరిచాడు. లింగవ్వ కళ్లు మూసుకుని, 'స్వామీ మల్లన్నా, నేను అబద్ధమాడలేదు, కథనే కాస్త నిదానంగా చెప్పా' అనుకుంది. కళ్లు తెరిచి, "అవును మరదలా. ఇంకా సగం చేను మిగిలింది. ఇది పండకపోతే మా చేను మాది కాదు" అంది.

మల్లవ్వ ఒక తడిక పీకింది. దాన్ని పక్క చెక్కలో పాతింది. పాతి, దాని పక్కనే చతికిలబడింది.

"సరే వదినే. ముందు రాణిగారి సంగతి చెప్పు."

చేనంతా మంద పడుకుంది. వాన పడింది. జొన్న ఎంత ఎత్తు లేచిందంటే, సాయిలు లోపలికెళ్లి దారి తప్పితే లింగవ్వ పళ్లెం వాయించి బయటికి పిలిచింది. రాజలింగం గట్టు మీద మునివేళ్లపై నిలబడినా అవతలి ఒడ్డు కనబడలేదు.

"లింగవ్వా, ఏమేశావే ఇందులో?"

"కథ వేశాను బావా."

ఆయన మళ్లీ చేను మాటెత్తలేదు. మరుసటేడు కథ వినడానికి తానే వచ్చి, అందరికంటే ముందు కూర్చున్నాడు.

ఏటేటా మంద వచ్చింది. ఏటేటా మీసం తప్పించుకుంది. లింగవ్వ ముసలిదై మంచం పట్టినప్పుడు బీరయ్య పక్కన కూర్చుని, "అక్కా, ఇప్పుడన్న చెప్పు. మీసం ఎక్కడ?" అని బతిమాలాడు.

"దొరికితే నువ్వు మళ్ల వస్తవా తమ్ముడూ?" అని నవ్వింది. ఆ నవ్వుతోనే మల్లన్న దగ్గరికి వెళ్లిపోయింది తల్లి.

ఇప్పటికీ ఆ వైపు ఎవరి చేన్లో మంద పడుకున్నా, ఆ ఇంటావిడ అంబలి తెచ్చి మీసం కథ ఎత్తుకుంటుంది. మీసాన్ని ఎక్కడికైనా పంపొచ్చు. దొరకనివ్వకూడదు. ఒకసారి ఒక కొత్త అల్లుడు తెలివి చూపించబోయి, "దొరికింది, రాజుగారి తలగడ కిందే ఉంది" అనేశాడు. కాపరి గుడ్లురిమి, తడికలు పీకి, మందతో వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఎరువు తట్టలన్నీ ఆ అల్లుడే మోశాడు.