అచ్చియ్యమ్మ నడక

మా తాతల తాతలకి ఇంకా మీసాలు రాని రోజుల్లో, అంటే ఎప్పుడో మీరే లెక్కేసుకోండి, ఏడు మలుపుల కొండ కింద ఒక ఊరుండేది. ఊ కొట్టండి మరి. ఊ కొట్టకపోతే నేను చెప్పను, నాకవతల పొయ్యి మీద అన్నం ఉంది.

ముప్పై గడపల ఊరు. చోళ్లు కోతలై, చలి ముదిరాక, ఊరు ఊరంతా కొండెక్కేది. చాపలు, కుండలు, డప్పులు అన్నీ మోసుకుని పైకి పోయేవారు. పైన చదునుగా ఒక మైదానం, పక్కనే ఊట. కొమ్మలు నరికి పాకలేసుకుని అక్కడే మూడు రోజులు విడిది. వండుకోవడం, తినడం, థింసా ఆడడం. ఆ మూడు రోజులూ అత్తాకోడళ్లు పోట్లాడుకునేవారు కాదు. పొలం మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఇప్పుడు మీరు టెంట్లేసుకుని చేసేదీ అదే, కాకపోతే మీకు బ్యాగులెక్కువ.

ఆ ఎక్కడానికి ఒక కట్టు ఉండేది. గట్టోడు ముందు, వెనక్కి చూపు వద్దు. ముందు నడిచేవాడు ఎలుగుబంట్లని అదిలించాలి కాబట్టి గట్టోడుండాలి. పైకి చేరి పొయ్యి రాజేసేదాకా ఎవరూ వెనక్కి తిరగకూడదు, తిరిగితే కొండకి కోపమొస్తుంది. ఎందుకొస్తుందని అడక్కండి. నేను మా అవ్వని అడిగితే మొట్టికాయ వేసింది.

ఆ రోజుల్లో గట్టోడంటే పండన్న. ఏనుగులాంటి మనిషి. గొడ్డలి భుజానేసుకుని ముందు నడిస్తే వెనకాల ఊరంతా పరిగెత్తాల్సిందే.

ఆ ఊళ్లోనే అచ్చియ్యమ్మని ఒకావిడ ఉండేది. కొండకి అవతలి ఊరి పిల్ల, పెళ్లై ఇటొచ్చింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఎడమ కాలు పొట్టిదైపోయింది. కర్ర పట్టుకుని నడిచేది. అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్లు కుట్టి బతికేది. కొండమీద ఊరంతా తినే విస్తళ్లు ఆవిడ కుట్టినవే. విస్తళ్లు ఏటా పైకెళ్లేవి గానీ, ఆవిడే వెళ్లలేకపోయింది.

ఆవిడకో కోరిక ఉండేది. కొండమీది మైదానం నుంచి చూస్తే అవతల లోయలో తన పుట్టినూరు కనిపిస్తుందని ఎవరో చెప్పారు. అక్కడ అమ్మ ఉంది. నడుము ఒంగిపోయిందని సంతలో కబురు తెలిసింది. అంత దూరం కుంటుకుంటూ పోలేదు. కనీసం అమ్మ పొయ్యి పొగైనా కంటపడితే చాలనుకుంది. పెద్ద కోరికేం కాదు, కానీ కొండ పెద్దది కదా.

మొదటి ఏడు బయల్దేరింది. గట్టోడు ముందు, వెనక్కి చూపు వద్దు. రెండో మలుపు దగ్గరికొచ్చేసరికి ముందున్నవాళ్లు కనపడలేదు. "ఆగండర్రా" అని పిలిచింది. ఎవరు తిరుగుతారు? రాయి మీద కూర్చుని ఏడ్చి, దిగొచ్చేసింది.

రెండో ఏడు బయల్దేరింది. గట్టోడు ముందు, వెనక్కి చూపు వద్దు. నాలుగో మలుపు దాకా పోయి దిగొచ్చేసింది.

మూడో ఏడు బయల్దేరింది. గట్టోడు ముందు, వెనక్కి చూపు వద్దు. ఆరో మలుపు దాకా పోయింది. పైన డప్పులు వినపడుతున్నాయి. పొద్దు వాలిపోతోంది. దిగొచ్చేసింది.

"కుంటికాలు పెట్టుకుని కొండెందుకే నీకు?" అంది పండన్న తల్లి చిలకమ్మ. చిలకమ్మ నోరు అలాంటిది, మనసు చెడ్డది కాదు.

"నా కాలు కొండకేం బరువక్కా?" అంది అచ్చియ్యమ్మ.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఇరవై అడుగులకోసారి కూర్చుంటే గానీ అచ్చియ్యమ్మ నడవలేదు. కూర్చున్న ప్రతి రాయీ ఆవిడకి గుర్తే. ఏ రాయి పక్కన ఉసిరి చెట్టుంది, ఏ రాయి కింద తేళ్లున్నాయి, ఏ రాయి దాటాక దారి కుడికి తిరుగుతుంది, అన్నీ తెలుసు. పరిగెత్తేవాడికి ముందువాడి వీపు తప్ప ఏం కనపడుద్ది?

నాలుగో ఏడు వచ్చింది. అప్పటికి చిలకమ్మకీ మోకాళ్లు పట్టేశాయి, అయినా కొడుకు ముందు నడుస్తుంటే తను ఆగుతుందా? ఐదో మలుపు దగ్గర మంచు దిగింది. మామూలు మంచు కాదు, చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచు. పండన్న భయపడి ఇంకా జోరు పెంచాడు. తొందరగా పైకి చేరి పొయ్యి రాజేస్తే అందరూ బాగుంటారనుకున్నాడు. వెనకాల వరస సాగిపోయింది, సాగి సాగి తెగిపోయింది. ఎవరూ వెనక్కి తిరగలేదు కాబట్టి తెగినట్టు ఎవరికీ తెలియలేదు.

అందరికంటే వెనక అచ్చియ్యమ్మ టక్కు టక్కుమని కర్ర పొడుచుకుంటూ వస్తోంది. ఆరో మలుపు దగ్గర పసిబిడ్డ ఏడుపు వినపడింది. దారి కుడివైపు, ఏడుపు ఎడమవైపు. ఎడమవైపు లోయ.

"ఎవరది?"

"నేనే, చిలకమ్మని" అంది ఒక గొంతు. "నాతో బాలింతరాలు గంగ ఉంది, కళ్లు మసకేసిన సోమన్న ఉన్నాడు. దారి తప్పామే."

"అడుగు కదపొద్దు. నేనొస్తున్నాను. నేను రావడానికి కాస్త సేపు పడుద్ది, ఏమీ అనుకోవద్దు."

కర్రతో నేల తడుముకుంటూ వచ్చి ముగ్గురినీ దారిలోకి తెచ్చింది. "నా కొంగు పట్టుకోండి. నేను ముందు నడుస్తాను" అంది.

"నువ్వు ముందా?" అంది చిలకమ్మ, ఆ స్థితిలో కూడా.

"ఈ కొండమీద నాకంటే మెల్లగా నడిచేవాళ్లు లేరక్కా. నా వెనకున్నోళ్లు తప్పిపోవడం కుదరదు."

పైన పండన్న పొయ్యి రాజేసి వెనక్కి తిరిగాడు. మనుషుల్ని లెక్కపెట్టాడు. అమ్మ లేదు. మళ్లీ లెక్కపెట్టాడు. లేదు. మంచులోకి దూకబోతే పదిమంది పట్టుకున్నారు, నువ్వూ పోతే ఎలాగని. అంత మనిషీ కూలబడి పసివాడిలా ఏడ్చాడు. అప్పుడు వినపడింది, టక్కు, టక్కు, టక్కు. మంచులోంచి ముందు కర్ర వచ్చింది, తర్వాత అచ్చియ్యమ్మ, ఆవిడ కొంగు పట్టుకుని చిలకమ్మ, గంగ, బిడ్డ, సోమన్న.

తెల్లారేసరికి మంచు విడిపోయింది. అచ్చియ్యమ్మ మైదానం అంచున కూర్చుని అవతల లోయలోకి చూసింది. ఇళ్లు గోరంత కనిపిస్తున్నాయి. మూడు పొగలు లేస్తున్నాయి. "ఆ నల్లటి పొగ మా అమ్మదే" అంది. "ఎన్నిసార్లు చెప్పినా పచ్చికట్టెలే పెడుద్ది." ఆ మాట అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

దిగే రోజు పండన్న ఆవిడ దగ్గరికొచ్చాడు. "పిన్నీ, నువ్వు ముందు నడువు."

"నేను ముందుంటే దిగేసరికి పొద్దుగూకుద్ది నాయనా."

"గూకనీ."

పండన్న గొడ్డలితో ఆవిడ పక్కన నడిచాడు. మిగతా ఊరంతా వెనకాల. వెనక్కి చూపు వద్దన్న కట్టు తప్పలేదు. అందరికంటే మెల్లగా నడిచేది ముందుంటే వెనక్కి చూడాల్సిన అవసరమేముంది?

అలా పాతికేళ్లు అచ్చియ్యమ్మ ముందు నడిచింది. ఒక ఏడు విస్తళ్లు కుడుతూ కుడుతూ ఒరిగిపోయింది. ఆ చలికాలం ఊరంతా కొండ మొదట్లో నిలబడింది. ముందెవరు నడవాలో తెలియలేదు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడెవరో అన్నారు, పండన్న ఏడీ అని.

పండన్న ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు వాచిపోయాయి. ఏనుగులాంటి మనిషి ఎండిపోయాడు. ఈసారి రాను, మీరెళ్లండని ముందే చెప్పేశాడు. ఊరంతా ఆయన గుమ్మంలోకొచ్చింది.

"లే తాతా, నువ్వు ముందు నడవాలి."

"నేనెందుకర్రా? మీకు ఆలస్యమైపోద్ది."

"అందుకే" అన్నారు.

పండన్న కర్ర అడిగాడు. వయసులో ఉన్నప్పుడు అంత గర్వంగా ఎప్పుడూ నడవలేదని మా అవ్వ చెప్పేది, అవ్వకి వాళ్ల అవ్వ చెప్పిందట.

ఇప్పటికీ ఆ కొండ కింద గైడ్లు ఎక్కేముందు అడుగుతారు, "మీలో అచ్చియ్యమ్మ ఎవరు?" అని. లావుపాటాయన, చిన్నపిల్ల, కాలు బెణికినావిడ, ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. వాళ్లని ముందు పెట్టి అందరూ వెనక నడుస్తారు. నావల్ల మీకు ఆలస్యమైపోద్దేమో అని వాళ్లు నసిగితే, మావాళ్లు ఒకటే మాట అంటారు. "అందుకే" అంటారు.