బస్సుకు పడమటి పక్క

నాగహారిక గీసిన ఆసుపత్రి నక్షాను మస్తాన్ వలీ సారు అప్పటికి ఎన్నిసార్లు తిప్పి పంపారో! భవనాల నక్షాలు నేర్పే కాలేజీలో ఆ పిల్లది చివరి సంవత్సరం. మర్నాటికి సారు సంతకం పడకపోతే ఏడాదంతా మళ్లీ చదవాల్సిందే.

"ఈసారి మార్చాను సార్," అంది.

సారు కళ్లజోడు సర్దుకుని చూశారు. గర్భిణులు కూర్చునే వసారా ఎప్పటిలాగే రోడ్డు వైపు ఉంది. గోడ కదల్లేదు, గుమ్మం కదల్లేదు. మూలన ఉత్తరదిక్కు చూపించే చిన్న బాణం మాత్రం తిరగబడింది. నిన్నటిదాకా పడమరనున్న రోడ్డు ఇవాళ తూర్పుకొచ్చేసింది. చేతిలో పెన్సిలుంటే ఎంత పనైనా అవుతుంది కాబోలు!

"యా అల్లా!" సారు తల పట్టుకున్నారు. "వసారా తిప్పమంటే దిక్కులు తిప్పావా తల్లీ? సూర్యుడికి కబురు పెట్టావా మరి?"

"రోడ్డు మీంచి చూస్తే అందంగా ఉండాలి కదా సార్. అయినా పైన కప్పుంటుంది. ఎండెలా వస్తుంది?"

సారు విసురుగా లేచి, కాలేజీ బస్సు తీయించి, క్లాసంతటినీ ఆసుపత్రి కట్టబోయే చోటికి తీసుకెళ్లారు. వినుకొండ దాటాక ఒట్టి రాతినేల. ఏప్రిల్ నెల, సాయంత్రం నాలుగు. ఆసుపత్రి గోడ రావలసిన చోట బస్సును రోడ్డు వారగా నిలబెట్టించారు. బస్సుకీ రోడ్డుకీ మధ్య ఇనప కుర్చీ ఒకటి వేశారు.

"ఇదీ నీ వసారా. కూర్చో." తన గొడుగు తెరిచి చేతికిచ్చారు. "ఇదిగో కప్పు. నిటారుగా పట్టుకో. వంచావో, ఊరుకోను. కప్పు వంగదు."

"ఎంతసేపు సార్?"

"డాక్టరమ్మ పిలిచేదాకా."

మిగతా పిల్లలు బస్సు అవతల చేరి మజ్జిగ తాగుతున్నారు. "ఒసే హారికా, బీపీ చూడమంటావా?" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు.

ఎండ గొడుగు కిందుగా దూరి మెడ మీద, ఒళ్లో, కళ్లల్లో పడింది. పిల్ల ఇటు జరిగింది, అటు జరిగింది. చున్నీ ముఖం మీదికి లాక్కుంది. వెనకనుంచి బస్సు రేకు సెగ కొడుతోంది. గొడుగు మాత్రం వంచలేదు, పంతం గల పిల్ల.

కాసేపటికి సారు బస్సు ముందుకొచ్చి పిలిచారు. "నాగహారికా!"

కుర్చీ ఖాళీ. గొడుగు నేల మీద పడి ఉంది.

పిల్ల బస్సుకు తూర్పున, నీడలో, చక్రానికి ఆనుకుని కటికనేల మీద కూర్చునుంది. ఎవరిదో మజ్జిగ లాక్కుని తాగుతోంది. సారును చూసి గబుక్కున లేవబోయింది.

"కూర్చోమ్మా, కూర్చో," అన్నారు సారు. గొంతులో విసుగు ఇంకా పోలేదు. "వాళ్లూ ఇటే వచ్చి కూర్చుంటారు. నెలలు నిండినవాళ్లు, కింద కూర్చుంటే లేవలేరు. ఇక్కడ బల్ల గీసుకుని పొద్దున రా."