తోచినచో

చూపు తగ్గినప్పటి నుంచీ సోమసుందరం మాస్టారికి ఒక అలవాటు. తెల్లవారుతుండగా మొదలయ్యే ఆన్‌లైన్ న్యాయశాస్త్రం పాఠంలో శిష్యులు ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం పైకి చదవాలి. అద్దె ఒప్పందమో, తీర్పో, బీమా షరతులో. ఆయన కళ్ళు మూసుకుని వింటారు. తెర మీద ఆయన ముఖం సగమే కనిపిస్తుంది. మిగతా సగం కిటికీ, దాని అవతల భీమిలి సముద్రం, పొగమంచు. ఒక్కోసారి ఆ మంచే పాఠం చెబుతున్నట్టు ఉంటుంది.

ఆ రోజు వంతు వకుళది. ఆమె చదవలేదు. నలభై తొమ్మిదేళ్ళ నర్సమ్మ, ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే మనిషి, ఆ పూట అడిగింది.

“మాస్టారూ, రెండేళ్ళు చదివితే న్యాయశాస్త్రంలో పీజీ పట్టా వస్తుంది. నల్లకోటు రాదు. కోర్టులో నోరు విప్పే వీల్లేదు. వార్డులో అందరూ ‘కోటులేని లాయరమ్మ వస్తోంది’ అని నవ్వుతున్నారు. మానేస్తానని ఉత్తరం రాసిపెట్టుకున్నాను. పంపేముందు మిమ్మల్ని అడుగుదామని. ఈ చదువు ఎందుకు?”

ఆమె ఎందుకు చేరిందో ఆయనకు తెలుసు. ఆరేళ్ళ కిందట, వేరే ఊరి ఆస్పత్రిలో, కూతురి ఆపరేషన్ కాగితం మీద తనే సంతకం పెట్టింది. రోజూ చూసే కాగితమే కదా, చదివేదేముంది అనుకుంది. కణితి తీస్తామన్నవాళ్ళు గర్భసంచి కూడా తీశారు. కాగితంలో ఉందన్నారు. చూసుకుంటే, ఉంది. కూతురు ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు.

మాస్టారు తిరిగి అడిగారు.

“రేపు మీ వార్డులో మొదటి ఆపరేషన్ ఎవరికి?”

“గున్నమ్మ అని, ఇరవై ఆరేళ్ళు. పిల్లలు ఇంకా లేరు. కడుపులో కణితి.”

“ఆవిడ వేలిముద్ర వేసే కాగితం ఆవిడకి చదివి వినిపించండి. మొత్తం. ఉత్తరం సంగతి తర్వాత.”

మర్నాడు పొద్దున్నే వాన. వకుళ మంచం పక్కన స్టూలు వేసుకుని చదవసాగింది. ఇరవై ఏళ్ళుగా ఆ కాగితం ఆమె చేతుల మీదుగా పోతూనే ఉంది. అది వింటే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. తన గొంతు తనకే ఎక్కడో దూరం నుంచి, నీటి మీదుగా వస్తున్నట్టుంది. గున్నమ్మ సగం మూసిన కళ్ళతో కథ వింటున్నట్టు వింటోంది. చదువుతూ చదువుతూ ఒకసారి తలెత్తితే, ఆ దిండు మీద గున్నమ్మ బదులు తన కూతురి జడ కనిపించింది వకుళకు. మళ్ళీ కాగితంలోకి చూసింది.

“...శస్త్రచికిత్స సమయమున వైద్యులకు తోచినచో గర్భసంచి తొలగించుటకు నాకు సమ్మతమే...”

“ఆగు సిస్టరమ్మా,” అంది గున్నమ్మ. “తోచినచో అంటే ఏటి?”

“వాళ్ళకి తియ్యాలనిపిస్తే.”

“అనిపిత్తేనే?”

“ఏటే, డాక్టరమ్మ కంటే నీకెక్కువ తెల్సా?” అంది పక్కనున్న అత్త, టీ గ్లాసు ఊదుకుంటూ. “వేలేసెయ్యి. అవతల ఆవిడొచ్చీసింది.”

“నాకేటీ తెల్దత్తా. కడుపు మాత్తరం నాదే గదా.”

డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. “పురాణం అయిందా, సిస్టర్? అక్కడ అందరూ ఎదురు చూస్తున్నారు.”

వకుళ చదివిన సెక్షన్లన్నీ నాలిక చివరికి వచ్చాయి. ఆమె నోరు తెరిచేలోగా గున్నమ్మే అంది.

“పేణం మీదకొత్తే తీసెయ్యండమ్మా. తోత్తే మాత్తరం తియ్యకండి.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఆ మాట కొట్టేసి, ప్రాణాపాయమైతే అని రాయండి, సిస్టర్,” అంది చివరికి. వెళ్ళబోతూ ఆగింది. “రేపటి వాళ్ళకి కాస్త పెందలాడే మొదలుపెట్టండి.”

మధ్యాహ్నానికి ఆపరేషన్ అయింది. బయటికొచ్చిన డాక్టరమ్మ అత్త వైపు కాదు, వకుళ వైపు చూసి చెప్పింది. “కణితి ఒక్కటే తీశాం.”

మర్నాటి పాఠంలో వకుళ ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. తక్కిన శిష్యులు తెర మీద ఎవరి కిటికీల్లో వాళ్ళు కదలకుండా కూర్చున్నారు.

“నేను చేసిందేమీ లేదు, మాస్టారూ. చదివానంతే.”

“ఆ మాట కొట్టేసింది మీరేనా?”

“డాక్టరుగారు నన్నే కొట్టెయ్యమన్నారు. గున్నమ్మ పెన్ను ఇటిమ్మంది. పుట్టాక ఎప్పుడూ పట్టుకోలేదట. గీత వంకరగా వచ్చింది.”

“చెయ్యి పట్టుకుని గీయించారా?”

“లేదండీ. కాగితం కదలకుండా పట్టుకున్నాను.”

మాస్టారి వెనక మంచు కాస్త విడింది. ఒక తెరచాప కనిపించి మళ్ళీ మరుగైంది. ఉత్తరం మాట వకుళ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. కళ్ళు తెరవకుండానే అన్నారు.

“చేతులు పట్టుకునేవాళ్ళు చాలామందే ఉన్నారమ్మా. కాగితం పట్టుకునేవాళ్ళే తక్కువ.”