హుస్సేనప్ప కొండ దుప్పటి

హుస్సేనప్ప దుప్పటిని చూసి మెచ్చుకోని మనిషి లేడు. దాన్ని చూసి ఒక్క సంగతైనా తెలుసుకుని వెళ్లిన మనిషీ లేడు. ఈ రెండో ముక్క అతన్ని లోలోపల తినేస్తుండేది.

అతను పీరయ్య తాత శిష్యుడు. తాత ఒకప్పుడు దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ముసలితనంలో ఫకీరై, కొండ కింద తకియా, అంటే ఫకీర్లుండే చిన్న ఇల్లు, కట్టుకుని అక్కడే ఉండిపోయాడు. చుట్టుపక్కల గొర్రెల కాపర్లు, తేనె తీసేవాళ్లు, రైతులు ఏ కష్టం వచ్చినా ఆ తకియాకు వచ్చి ఆయన పక్కన కూర్చునేవారు.

వాళ్ల కబుర్లు వినీ వినీ హుస్సేనప్పకు ఒక ఆలోచన పుట్టింది. ఏ గాలికి ఏ వాన, ఏ వానకు ఏ గడ్డి, ఏ గడ్డికి ఏ పురుగు, ఏ పురుగుకు ఏ పిట్ట. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలుసు. ఆ ముక్కలన్నీ ఒకేచోట ఉంటే ఎంత మేలు!

మూడేళ్లు ఊరూరా తిరిగాడు. విన్నదంతా బొమ్మలుగా వేశాడు, ఎందుకంటే అక్కడ చదువొచ్చినవాళ్లు తక్కువ. పన్నెండు మూరల పొడవు, అంతే వెడల్పు ఉన్న దుప్పటి అది. ఎనిమిది వందల బొమ్మలు. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ సంబంధం ఉంటే నడుమ ఒక ఎర్రగీత. గీతలు ఎన్నున్నాయో గీసినవాడికే తెలియదు.

దాన్ని తకియా నడిమింట్లో పరిచాడు. గోడ నుంచి గోడ దాకా అదే. దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదన్నాడు, విద్యను తొక్కితే పాపమట. మడత పెట్టకూడదన్నాడు, రంగు పగులుతుందట. తాత పడక అరుగు మీదికి మారింది.

జనం వచ్చి అంచున నిలబడి మెడలు సాచి చూసేవారు. "అబ్బ, ఎంత పని చేసినావు నాయనా!" అనేవారు. ఆ తర్వాత అరుగు మీదికి పోయి, తమ కష్టమేదో తాతతో చెప్పుకునేవారు.

"వాళ్లకు చూడ్డం చేతకాదు తాతా," అన్నాడు హుస్సేనప్ప ఒకరోజు, ఉక్రోషంగా.

"అట్లనా?" అన్నాడు తాత, చేతిలో దూదిలోంచి గింజ తీస్తూ.

ఆ వారంలోనే ఓబుళమ్మ వచ్చింది. పొద్దున్నే, నాలుగు క్రోసులు నడిచి వచ్చింది. మొగుడు లేని మనిషి, నలభై గొర్రెలే ఆమె బతుకు. అందులో పద్నాలుగు చచ్చిపోయాయి.

"ఎందుకు సస్తాండాయో తెలీడంలేదు తాతా," అంది. "ఇంకా ఇరవై ఆరు ఉండాయి. అవి గూడా పోతే నేనేం జేసేది?"

తాత శిష్యుడి వైపు చూశాడు. "నీ దుప్పటిలో ఉంటాదేమో చూడబ్బీ."

హుస్సేనప్పకు ఒళ్లు పొంగిపోయింది. పొడుగాటి కర్ర తీసుకుని దుప్పటి అంచున నిలబడ్డాడు. మొదటి నుంచి చెబితేనే అర్థమవుతుందని తూర్పు గాలితో మొదలుపెట్టాడు. గాలి నుంచి మబ్బుకు, మబ్బు నుంచి కొండకు, కొండ నుంచి వంకకు వచ్చాడు. ఓబుళమ్మ మొదట్లో తలూపింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండ అరుగెక్కేసరికి ఆమె కళ్లు గీతల మీద లేవు, వాకిలి మీద ఉన్నాయి.

"నా గొర్రె యాడుంది సామీ?" అంది.

అతను గొర్రె బొమ్మను వెతికి పట్టుకున్నాడు. దాని నుంచి నలభై గీతలు పోతున్నాయి. ఒకటి పట్టుకుని పోతే తోడేలు దగ్గర తేలాడు. ఇంకొకటి పట్టుకుంటే మళ్లీ తూర్పు గాలి దగ్గరికే వచ్చింది. అతనికి చెమటలు పట్టాయి.

"అంతా ఇందులోనే ఉందమ్మా," అన్నాడు.

"ఉంటే చెప్పు నాయనా! నేనొచ్చేటప్పటికే ఇంకోటి నిలబడలేక కూలబడింది," అని ఆమె భోరున ఏడ్చింది.

హుస్సేనప్ప కర్ర పక్కన పెట్టేశాడు. తను మూడేళ్లు కష్టపడి వేసిన దుప్పటి, తన బొమ్మలు, తన గీతలు. అయినా ఆ మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది.

అప్పుడు తాత లేచాడు. సరాసరి దుప్పటి మీదికి నడిచాడు.

"తాతా, కాలు!" అని అరిచాడు హుస్సేనప్ప.

తాత గొర్రె బొమ్మ దాకా పోయి దాని పక్కన కూర్చున్నాడు. "రా పాపా, ఇట్ల కూచో," అని ఓబుళమ్మను పిలిచాడు. "నీ గొర్రెకేమైంది?"

"గొంతు కింద నీళ్ల తిత్తి దిగుతాది. మేత మానేస్తాది. పది దినాలకు పోతాది."

తాత దుప్పటిని నాలుగు వైపుల నుంచీ మడతలు మడతలుగా దగ్గరికి మడవడం మొదలుపెట్టాడు. పరుపులు కుట్టిన చేతులవి, ఎక్కడా తడబడలేదు. రంగు చిటచిటమని పగిలింది. హుస్సేనప్ప పళ్లు బిగించి చూస్తూ నిలబడ్డాడు. చివరికి పైకి కనబడేది చాపంత మేర మిగిలింది. నడుమ గొర్రె. చుట్టూ తోడేలు, ముల్లు, ఎండ, ఉప్పు, తడిగడ్డి. అంతే.

ఓబుళమ్మ కళ్లు తుడుచుకుని వంగింది. ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టింది.

"తోడేలు కాదు, గాయం లేదు. ముల్లు కాదు. ఎండకైతే గొంతు దిగదు. ఉప్పు పెడతానే ఉండా." వేలు తడిగడ్డి మీద ఆగిపోయింది. "ఈ యేడు ఎర్రకుంట అంచునే మేపినా తాతా. ఇంగెక్కడా పచ్చన లేదు."

తాత ఆ వైపు మడత ఒక్కటే విప్పాడు. గడ్డి నుంచి గీత నత్త దగ్గరికి పోయింది.

"ఇవే! కాళ్ల కింద కరకరమంటాండాయి. ఇన్ని ఎప్పుడూ చూడలే," అంది ఆమె.

హుస్సేనప్ప ముందుకు వంగాడు. రెండేళ్ల కిందట ఏదో ఊళ్లో ఒక ముసలి కాపరి చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. నత్తలు మెండుగా ఉన్న యేడు నీటి అంచున మేపితే గొర్రెకు గొంతు దిగుతుందన్నాడు. ఆ మాట విని ఈ గీత గీసింది తనే. గీసి, మరిచిపోయాడు.

"గడ్డే అమ్మా! ఆ నీటి అంచు గడ్డే!" అన్నాడు.

తాత ఇంకో మడత విప్పాడు. నత్త పక్కన నత్తలు తినే కొంగ. ఓబుళమ్మ దాని మీదా వేలు పెట్టింది.

"ఈ కొంగలు ఈ యేడు రాలే నాయనా. కుంటలో తుమ్మచెట్లుండె గదా, బొగ్గులు కాల్చేటోళ్లు నరికేసిరి. ఇంగ యాడ వాలతాయి?"

దుప్పటి మీద బొగ్గులు కాల్చేవాళ్లు లేరు. హుస్సేనప్ప పోయి కుంచె తెచ్చుకున్నాడు. ఆమె చెబుతుంటే, కొంగ పక్కన తుమ్మచెట్టునూ దాని పక్కన గొడ్డలినీ వేసి గీత కలిపాడు. రంగు ఆరేదాకా ఓబుళమ్మ ఆగలేదు. మందను గట్టు మీదికి మళ్లించాలని అప్పుడే బయల్దేరింది.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. అప్పటికే జబ్బు ముదిరినవి మూడు పోయాయట. ఇరవై మూడు నిలబడ్డాయి.

"ఒకటి ఈనింది గూడా," అని ఆకులో చుట్టిన జున్ను హుస్సేనప్ప చేతిలో పెట్టింది. "సల్లగుండు నాయనా. నువ్వు ఊరూరా తిరిగి పోగేసిన మాటే నా మందను నిలబెట్టింది."

అతను జున్ను నోట్లో పెట్టుకున్నాడు. అంత సంతోషం అతనికి అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆమె వెళ్లాక తాత కాళ్ల మీద పడ్డాడు. "నువ్వు లేకుంటే నా పనంతా మట్టిలో కలిసేది తాతా. నీ రుణం ఎట్లా తీర్చుకోను?"

పీరయ్య తాత కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కొండదారిలో దూరంగా పోతున్న ఓబుళమ్మ వైపు చెయ్యి చాపాడు.

"నేను మడత పెట్టినా, అంతేనబ్బీ. ఎక్కడ మడవాల్నో చెప్పింది ఆయమ్మ."